సీసాలో ఉన్నది ప్రోటీన్ ఒక్కటేనా?

ఇన్‌ఫ్లమేషన్ మీద పనిచేసే ల్యాబ్‌లో ఫ్రీజర్ తలుపు తీస్తే చిటికెన వేలంత ప్లాస్టిక్ సీసాలు వరసగా కనిపిస్తాయి. మూతల మీద ‘మౌస్ టీఎన్‌ఎఫ్’, ‘మౌస్ ఐఎల్-6’, ‘మౌస్ ఐఎల్-1 బీటా’ అని మార్కర్ పెన్నుతో రాసి ఉంటుంది. సీసాలో ఉండేది పది, ఇరవై మైక్రోగ్రాముల పొడి. అడుగున పల్చటి తెల్లని పొరలా ఉంటుంది, ఒక్కోసారి అదీ కంటికి ఆనదు. చిట్టెలుక జన్యువును తెచ్చి చాలావరకు ఈ.కోలి బ్యాక్టీరియాలో పెట్టి, దానిచేత తయారు చేయించి, శుద్ధి చేసి ఎండబెట్టిన ప్రోటీన్ అది. దాన్ని కణాల మీద వేసో, ఎలుకకు సూదిమందుగా ఇచ్చో ‘ఈ ప్రోటీన్ ఇన్‌ఫ్లమేషన్ పుట్టిస్తుంది’ అని తేల్చిన పరిశోధనా పత్రాలకు లెక్కలేదు. వాటిలో చాలా భాగం కాలానికి నిలిచింది. కొంత భాగం నిలవలేదు. నిలిచినదానికీ నిలవనిదానికీ తేడా ఎక్కడుందన్నదే ఇక్కడ ప్రశ్న.

నాకు తోచిన జవాబు ముందే చెబుతాను. తేడా చాలావరకు మోతాదులో ఉంది. మిల్లీలీటరుకు నానోగ్రాములు, అంతకన్నా తక్కువ సరిపోయే ప్రోటీన్ల కథ గట్టిగా నిలబడింది. మైక్రోగ్రాములకు మైక్రోగ్రాములు పోస్తే తప్ప పనిచేయని ప్రోటీన్ల దగ్గరే ఈ రంగం తడబడింది.

ముందు నిలిచిన కథ. 1975లో న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్-కెటరింగ్ క్యాన్సర్ సెంటర్‌లో ఎలిజబెత్ కార్స్‌వెల్, లాయిడ్ ఓల్డ్, వారి సహచరులు ఒక ప్రయోగం ప్రకటించారు. చిట్టెలుకలకు మొదట బీసీజీ ఎక్కించారు. మన పిల్లలకు పుట్టగానే వేసే క్షయ టీకా అదే. కొన్నాళ్లు ఆగి, బ్యాక్టీరియా బయటి పొరలో ఉండే ఎండోటాక్సిన్ అనే పదార్థం ఇచ్చారు. ఆ తర్వాత వాటి రక్తం నుంచి సీరం తీసి, కణితి ఉన్న వేరే ఎలుకలకు ఇచ్చారు. కణితి నడిమి భాగం నల్లబడి చచ్చిపోయింది. సీరంలో ఉన్న ఆ పదార్థానికి ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్, క్లుప్తంగా టీఎన్‌ఎఫ్ అని పేరు పెట్టారు. అయితే ఎలుకకు ఇచ్చిన ఎండోటాక్సినే సీరంలో మిగిలిపోయి ఈ పని చేసి ఉండవచ్చు కదా? ఆ అనుమానం వాళ్లకే ముందు వచ్చింది. ఇది మిగిలిపోయిన ఎండోటాక్సిన్ కాదు, ఎలుక కణాలే విడుదల చేసిన పదార్థం అని చూపడానికి ఆ మొదటి పత్రంలోనే పలు ఆధారాలు పేర్చారు. టీఎన్‌ఎఫ్ పుట్టిన రోజే ఆ ప్రశ్న కూడా పుట్టింది. ఆ తర్వాత పాతికేళ్లకు వేరే ప్రోటీన్లతో పనిచేసినవాళ్లలో కొందరు ఆ ప్రశ్నను అంత పట్టుగా అడగలేదు. ఇబ్బంది అక్కడే మొదలైంది.

అదే కాలంలో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో ఆంథొనీ సెరామి మరో దారిలో వెళుతున్నాడు. ఇన్ఫెక్షన్ సోకిన జంతువు తిండి మాని ఎందుకు కృశించిపోతుందన్నది ఆయన వెతుకులాట. బ్రూస్ బ్యూట్లర్‌తో కలిసి, ఎండోటాక్సిన్ తగిలిన చిట్టెలుక మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలు వదిలే పదార్థాన్ని వేరుచేసి దానికి కాకెక్టిన్ అని పేరు పెట్టాడు. 1985లో దాని మొదటి అమైనో ఆమ్లాల వరస చదివితే టీఎన్‌ఎఫ్‌తో సరిపోయింది. కణితిని చంపేదీ, ఒంటిని కృశింపజేసేదీ ఒకటే ప్రోటీన్! అంతకు కొద్దికాలం ముందే, 1984 చివర్లో, జెనెన్‌టెక్ కంపెనీ శాస్త్రవేత్తలు మనిషి టీఎన్‌ఎఫ్ జన్యువును పట్టుకుని ఈ.కోలిలో తయారు చేయించారు. ఎలుక జన్యువు 1985లో చేతికొచ్చింది. అక్కడి నుంచి ఎలుక సీరం పిండుకోవలసిన అవసరం లేకుండా పోయింది.

తర్వాతి రెండేళ్లలో వచ్చిన రెండు ఫలితాలు ఒకదాన్నొకటి బలపరిచాయి. కాకెక్టిన్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ముందుగా ఇస్తే, చంపగల మోతాదు ఎండోటాక్సిన్ ఇచ్చినా చాలా ఎలుకలు బతికాయని 1985లో బ్యూట్లర్ బృందం చూపింది. ఎండోటాక్సిన్ ఏమీ ఇవ్వకుండా ఇలా బ్యాక్టీరియా చేత చేయించిన (రీకాంబినెంట్) టీఎన్‌ఎఫ్ ఒక్కటే ఎక్కిస్తే ఎలుకల్లో రక్తపోటు పడిపోయి, అవయవాలు దెబ్బతిని షాక్ వచ్చిందని 1986లో కెవిన్ ట్రేసీ, సెరామి బృందం చూపింది. ఇస్తే జబ్బు వస్తోంది, అడ్డుకుంటే తగ్గుతోంది. ఒక ప్రోటీన్ మీద నేరం రుజువు కావాలంటే ఈ రెండు సాక్ష్యాలూ కావాలి. టీఎన్‌ఎఫ్‌కు రెండూ ఉన్నాయి. నా దృష్టిలో ఇన్‌ఫ్లమేషన్ రంగంలో ఇప్పటికీ ఇదే కొలమానం.

ఎలుక టీఎన్‌ఎఫ్ మొదట 235 అమైనో ఆమ్లాల గొలుసుగా కణం పొరలో నాటుకుని ఉంటుంది. ఏడీఏఎమ్17 అనే ఎంజైమ్ దాన్ని కత్తిరిస్తే 156 అమైనో ఆమ్లాల ముక్క బయటికి వస్తుంది. దాని బరువు సుమారు 17 కిలోడాల్టన్లు. అలాంటివి మూడు ఒకదానికొకటి ఆనుకుని ముక్కోణంలా కూర్చుంటేనే అది పనిచేస్తుంది. విడివిడి ముక్కలకు ఆ శక్తి లేదు. ఎలుక కణాల్లో తయారైన టీఎన్‌ఎఫ్‌కు చక్కెర గొలుసు అంటుకుని ఉంటుంది. ఈ.కోలికి ఆ పని చేతకాదు. అయినా ఈ ప్రోటీన్‌కు చక్కెర లేకపోయినా చురుకుదనం తగ్గదు. అందుకే బ్యాక్టీరియాతో చౌకగా తయారు చేయడం కుదిరింది.

ఆ చురుకుదనాన్ని కొలిచే తీరు దగ్గరగా చూడదగ్గది. 96 గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటు తీసుకుని ప్రతి గుంటలో ఎల్929 కణాలు వేస్తారు. ఇవి కూడా ఎలుకవే. 1940లలో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో విల్టన్ ఎర్ల్ ల్యాబ్‌లో సీ3హెచ్ జాతి చిట్టెలుక నుంచి తీసిన కణాలు ఇవి. ఒకే ఒక్క కణం నుంచి మొత్తం వంశాన్ని పెంచడం అనే పనిని 1948లో క్యాథరిన్ శాన్‌ఫర్డ్ మొదట సాధించింది వీటితోనే. రాత్రికి కణాలు గుంట అడుగున చాపలా పరుచుకుంటాయి. పొద్దున్నే యాక్టినోమైసిన్-డి కలుపుతారు. అది కణం తనను కాపాడుకునే కొత్త ప్రోటీన్లు చేసుకోకుండా చేతులు కట్టేస్తుంది. తర్వాత టీఎన్‌ఎఫ్‌ను మొదటి గుంటలో ఎక్కువగా, పక్క గుంటలో సగం, ఆ పక్కన అందులో సగం, ఇలా తగ్గించుకుంటూ పోస్తారు. మర్నాడు క్రిస్టల్ వయొలెట్ రంగు పోసి కడిగితే బతికున్న కణాలే రంగు పట్టుకుంటాయి. ఒక చివర గుంటలు గాజులా ఖాళీగా, రెండో చివర ముదురు ఊదాగా ఉంటాయి. మధ్యలో ఎక్కడో రంగు సగానికి దిగుతుంది. ఆ గుంటలో ఉన్న గాఢతనే ఈడీ50 అంటారు. మంచి ఎలుక టీఎన్‌ఎఫ్‌కు అది మిల్లీలీటరుకు 0.1 నానోగ్రాము, అంతకన్నా తక్కువ ఉంటుంది. 10,00,000ను ఆ నానోగ్రాముల అంకెతో భాగిస్తే మిల్లీగ్రాముకు ఎన్ని యూనిట్లో వస్తుంది. ఈడీ50 0.1 అయితే మిల్లీగ్రాముకు కోటి యూనిట్లు, 0.05 అయితే రెండు కోట్లు.

సీసాతో వచ్చే కాగితం మీద ఈ యూనిట్ల అంకె చూసి చాలామంది నిశ్చింత పడతారు. కానీ ఈ పరీక్ష చెప్పేది ఒకటే: టీఎన్‌ఎఫ్ పనిచేస్తోందని. దానితోపాటు ఇంకేం కలిసి ఉందో ఇది చెప్పదు. ఎల్929 కణాలు చావడానికి ఎండోటాక్సిన్‌తో పనిలేదు. కాబట్టి కలుషితమైన సీసా కూడా ఈ పరీక్షలో పూర్తి మార్కులతో పాసవుతుంది. మనిషి టీఎన్‌ఎఫ్ వేసినా ఈ ఎలుక కణాలు చస్తాయి, అందుచేత ఏ జాతి ప్రోటీనో కూడా ఈ పరీక్ష విడమరచి చెప్పదు.

జాతి సంగతి చిన్నది కాదు. టీఎన్‌ఎఫ్‌కు కణాల మీద రెండు రిసెప్టర్లున్నాయి. మనిషి టీఎన్‌ఎఫ్ ఎలుక మొదటి రిసెప్టర్‌ను పట్టుకుంటుంది, రెండోదాన్ని సరిగా పట్టుకోలేదు. 1991లో ఇది బయటపడ్డాక ఒక పాత చిక్కు విడిపోయింది. మనిషి టీఎన్‌ఎఫ్‌ను ఎలుకకు ఇస్తే ఎలుక టీఎన్‌ఎఫ్ అంత ఘోరంగా ఎందుకు పనిచేయదో అర్థమైంది. మనిషి ప్రోటీన్‌తో ఎలుకలో చేసిన ప్రయోగమంటే నిజానికి సగం ప్రయోగమే. ఐఎల్-6ది ఇంకో తీరు. మనిషి ఐఎల్-6కు ఎలుక కణాలు స్పందిస్తాయి, ఎలుక ఐఎల్-6ను మనిషి కణాలు పట్టించుకోవు. ఇంటర్‌ఫెరాన్ గామా అయితే ఎటునుంచి ఎటూ దాటదు. ఐఎల్-1 బీటా రెండు వైపులా పనిచేస్తుంది. ఇవన్నీ సైటోకైన్లు, అంటే కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లు. ‘సైటోకైన్ కదా, ఏ జాతిదైతే ఏం’ అనుకోవడానికి ఇక్కడ చోటు లేదు. ఏ ప్రోటీన్‌కు ఆ ప్రోటీన్ విడిగా చూసుకోవలసిందే. కొన్నిచోట్ల పోల్చడానికి జోడీయే దొరకదు. మనిషిలో న్యూట్రోఫిల్స్‌ను పిలిచే ఐఎల్-8 జన్యువు ఎలుకకు లేనే లేదు, ఆ పని కేసీ, ఎమ్‌ఐపీ-2 వంటివి చేస్తాయి. ఆసుపత్రిలో డాక్టర్ రాసే సీఆర్‌పీ పరీక్షకు కూడా ఎలుకలో అర్థం తక్కువ. జబ్బు చేసినప్పుడు దాని రక్తంలో ఎగబాకేది ఎస్ఏఏ, ఎస్ఏపీ అనే ప్రోటీన్లు.

ఇక ఎండోటాక్సిన్. ఈ.కోలి బయటి పొర నిండా లైపోపాలిశాకరైడ్ అనే పదార్థం ఉంటుంది. దాన్నే ఎండోటాక్సిన్ అంటారు. బ్యాక్టీరియాను పగలగొట్టి ప్రోటీన్ తీసేటప్పుడు ఇదీ వెంట వస్తుంది. ఆటోక్లేవ్‌లో పెట్టినా పోదు. గాజు సామానును 250 డిగ్రీల పొడి వేడిలో అరగంట ఉంచితే పోతుంది కానీ ప్రోటీన్‌ను అలా కాల్చలేం కదా. పాల గిన్నె మొత్తం తోడుకోవడానికి చుక్క పెరుగు చాలినట్టు, మాక్రోఫేజ్‌లను రెచ్చగొట్టడానికి దీని ఆనవాలు చాలు. దాన్ని కొలవడానికి గుర్రపునాడా పీత రక్తంతో చేసే ఎల్ఏఎల్ పరీక్ష వాడతారు. ఫ్రెడరిక్ బ్యాంగ్, జాక్ లెవిన్ చేసిన పరిశోధనల నుంచి వచ్చిన పరీక్ష ఇది. మన దేశంలో ఒడిశా, సుందర్బన్స్ తీరాల్లో కూడా ఈ పీతల జాతులు బతుకుతున్నాయి. కొలత ఎండోటాక్సిన్ యూనిట్లలో వస్తుంది. ఒక యూనిట్ అంటే ఉజ్జాయింపుగా 0.1 నానోగ్రాము.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. కంపెనీ కాగితం మీద ‘మైక్రోగ్రాము ప్రోటీన్‌కు ఒక యూనిట్ కన్నా తక్కువ’ అని ఉందనుకుందాం. ల్యాబుల్లో తరచూ కనిపించే హామీ ఇదే. టీఎన్‌ఎఫ్‌ను కణాల మీద మిల్లీలీటరుకు 10 నానోగ్రాములు వేస్తాం. దాంతో వచ్చే ఎండోటాక్సిన్ ఎంత ఎక్కువైనా మిల్లీలీటరుకు ఒక్క పికోగ్రాము. దాన్ని కణాలు దాదాపు లెక్కచేయవు. అదే కాగితంతో వచ్చిన ఇంకో ప్రోటీన్‌ను మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు వేయవలసి వస్తే ఎండోటాక్సిన్ ఒక నానోగ్రాము దాకా రావచ్చు. ఎలుక మాక్రోఫేజ్‌లు టీఎన్‌ఎఫ్ గుమ్మరించడానికి అది ధారాళంగా సరిపోతుంది. కాగితం మీద హామీ ఒకటే, రెండు ప్రయోగాల మధ్య కలుషితం వెయ్యి రెట్లు మారిపోయింది. ఈ గుణకారం చేయడానికి ఒక నిమిషం పట్టదు. అయినా చాలా పత్రాల్లో అది కనిపించదు, ‘ఎండోటాక్సిన్ లేదు’ అన్న ఒక్క మాటతో సరిపెడతారు.

ఈ గుణకారం చేయకపోతే ఏమవుతుందో చూపించినవి హీట్ షాక్ ప్రోటీన్లు. కణం లోపల మిగతా ప్రోటీన్లు సరిగా మడతపడేలా చూసుకునే పనివాళ్లు ఇవి. 1990ల చివర్లో, 2000 తొలి ఏళ్లలో వీటికి కొత్త హోదా వచ్చింది. కణం పగిలి హెచ్ఎస్‌పీ60, హెచ్ఎస్‌పీ70 బయటపడితే మాక్రోఫేజ్‌లకు ప్రమాద ఘంట మోగుతుందని, అవి ఎండోటాక్సిన్‌ను గుర్తుపట్టే రిసెప్టర్లు సీడీ14, టీఎల్‌ఆర్4 ద్వారా టీఎన్‌ఎఫ్ విడుదల చేయిస్తాయని వరసగా పత్రాలు వచ్చాయి. ఆ ఆలోచన అందంగా ఉంది, ప్రతిష్ఠాత్మక పత్రికలు అచ్చువేశాయి. 2003లో గావో, త్సాన్ అనే ఇద్దరు అవే ప్రోటీన్లను ఎండోటాక్సిన్ దాదాపు లేకుండా శుద్ధి చేసి ఎలుక మాక్రోఫేజ్‌ల మీద వేశారు. ఏమీ జరగలేదు. ఘంట మోగించింది ప్రోటీన్ కాదు, దాని వెంట వచ్చిన ఎండోటాక్సిన్.

ముందు పనిచేసినవాళ్లు నిర్లక్ష్యంగా ఉన్నారనడం న్యాయం కాదు. వాళ్లూ జాగ్రత్తలు తీసుకున్నారు, ఆ జాగ్రత్తల్లోనే లోపం ఉంది. అందరూ వాడిన జాగ్రత్త మరిగించడం. ఎండోటాక్సిన్ వేడికి తట్టుకుంటుంది, ప్రోటీన్ చెడుతుంది. కాబట్టి మరిగించాక ప్రభావం పోతే అది ప్రోటీన్‌దే అని తర్కం. కానీ బాగా పల్చగా ఉన్న ఎండోటాక్సిన్ కూడా మరిగిస్తే చాలావరకు శక్తి కోల్పోతుంది. కలుషితం ఎప్పుడూ పల్చగానే ఉంటుంది. రెండో జాగ్రత్త పాలీమిక్సిన్-బి. అది ఎండోటాక్సిన్‌ను పట్టి కట్టేస్తుంది కానీ ప్రోటీన్ ఎక్కువగా ఉన్నచోట దాని పట్టు పూర్తిగా ఉండదు. పైగా బ్యాక్టీరియా లైపోప్రోటీన్ల వంటి ఇతర కలుషితాలను అది ముట్టుకోదు. ఎల్ఏఎల్ పరీక్షకూ అవి దొరకవు.

మూడో జాగ్రత్త అందరూ తిరుగులేనిదని నమ్మేది. టీఎల్‌ఆర్4 లేని ఎలుక కణాల మీద ప్రయోగం చేసి చూడటం. సీ3హెచ్/హెచ్ఈజే అనే ఎలుక జాతికి ఎండోటాక్సిన్ పట్టదని 1960ల నుంచే తెలుసు. దాని కారణం టీఎల్‌ఆర్4 జన్యువులోని లోపమని 1998లో కనిపెట్టింది ఆ కాకెక్టిన్ బ్యూట్లరే. 2011లో నోబెల్ వచ్చింది ఆ పరిశోధనకే. మామూలు ప్రోటీన్‌కు ఈ పరీక్ష అద్భుతంగా పనిచేస్తుంది. ఉదాహరణకు టీఎన్‌ఎఫ్ తన సొంత రిసెప్టర్ ద్వారా పనిచేస్తుంది కాబట్టి టీఎల్‌ఆర్4 లేని కణాల్లోనూ స్పందన వస్తే అది ఎండోటాక్సిన్ కాదని తేలుతుంది. కానీ ‘మా ప్రోటీన్ టీఎల్‌ఆర్4 ద్వారానే పనిచేస్తుంది’ అన్నది వాదనైనప్పుడు ఈ పరీక్ష చేతులెత్తేస్తుంది. టీఎల్‌ఆర్4 తీసేస్తే ప్రోటీన్ ప్రభావమూ పోతుంది, ఎండోటాక్సిన్ ప్రభావమూ పోతుంది. వాదనకు రుజువుగా చూపిన బొమ్మే కలుషితానికి కూడా అంతే రుజువు. ఇన్నేళ్లలో ఎన్ని పత్రాల్లో ఈ బొమ్మను ఒక్క వైపు నుంచే చదివారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఈ.కోలి వంశాన్నే మార్చి, పూర్తి ఎండోటాక్సిన్‌కు బదులు లిపిడ్-4ఏ అనే అసంపూర్ణ రూపం మాత్రమే చేసేలా తీర్చిదిద్దడం ఒక ఉపాయం. మనిషి కణాలకు అది హాని చేయదు, పైగా టీఎల్‌ఆర్4ను అడ్డుకుంటుంది. ఎలుక టీఎల్‌ఆర్4 మాత్రం లిపిడ్-4ఏను చూసి మేల్కొంటుంది. మనిషి కోసం చేసిన ఉపాయం ఎలుక ప్రయోగంలో సగమే అక్కరకొస్తుంది. సస్తన్య కణాల్లో, కీటక కణాల్లో ప్రోటీన్ తయారు చేయడం మెరుగైన దారే, అయినా నీళ్లలోంచి, కాలమ్‌ల నుంచి ఎండోటాక్సిన్ చేరవచ్చు. ఏ దారిలో తయారైనా కొలవక తప్పదు.

ఇంత పెద్ద చర్చకు హెచ్‌ఎంజీబీ1 ఒక్కటే సరిపోయే ఉదాహరణ. ఇది 215 అమైనో ఆమ్లాల ప్రోటీన్, కణ కేంద్రకంలో డీఎన్‌ఏను అంటిపెట్టుకుని ఉంటుంది. ఎలుకకూ మనిషికీ మధ్య దాదాపు మారలేదు, కాబట్టి ఇక్కడ జాతి గొడవ లేదు. 1999లో కెవిన్ ట్రేసీ బృందం దీన్ని ఎండోటాక్సిన్ షాక్‌లో ఆలస్యంగా వచ్చే విలన్‌గా నిలబెట్టింది. ఎండోటాక్సిన్ ఇచ్చిన ఎలుకలో టీఎన్‌ఎఫ్ గంటన్నర, రెండు గంటల్లో శిఖరానికి చేరి దిగిపోతుంది. హెచ్‌ఎంజీబీ1 ఎనిమిది గంటల తర్వాత పెరగడం మొదలై మర్నాటి దాకా నిలిచి ఉంటుంది. దానికి యాంటీబాడీలు ఆలస్యంగా ఇచ్చినా ఎలుకలు బతికాయి. టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకోవడానికి సమయం మించిపోయాక కూడా చికిత్సకు అవకాశం ఉందన్న ఆశ కలిగింది. ‘అడ్డుకుంటే తగ్గుతుంది’ అన్న సాక్ష్యం గట్టిదే. ‘ఇస్తే వస్తుంది’ అన్న రెండో సాక్ష్యం దగ్గర మాత్రం ల్యాబులు పోట్లాడుకున్నాయి. ఒకరి రీకాంబినెంట్ ప్రోటీన్ మాక్రోఫేజ్‌ల చేత టీఎన్‌ఎఫ్ కక్కిస్తే, ఇంకొకరు బాగా శుద్ధి చేసిన ప్రోటీన్ చలనం లేకుండా కూర్చుంది.

జవాబు రెండు వైపుల నుంచి వచ్చింది. హెచ్‌ఎంజీబీ1 అంటుకునే స్వభావం ఉన్న ప్రోటీన్. ఎండోటాక్సిన్‌ను, ఐఎల్-1 బీటాను, డీఎన్‌ఏను పట్టుకుని రిసెప్టర్ దగ్గరికి చేరవేస్తుంది. స్వయంగా నిప్పు పెట్టని సమయంలో కూడా ఎవరో పెట్టిన నిప్పును పెంచుతుంది. కాబట్టి ఇక్కడ కొద్దిపాటి ఎండోటాక్సిన్ కలుషితమంటే కేవలం తోడు రావడం కాదు, ప్రోటీన్‌తో జట్టుకట్టి ఎన్నో రెట్లు బలం పుంజుకోవడం. రెండో సంగతి రసాయనానిది. ఈ ప్రోటీన్‌లో 23, 45, 106 స్థానాల్లో మూడు సిస్టీన్లున్నాయి. 2010లో 106వ సిస్టీన్ లేకపోతే టీఎల్‌ఆర్4ను పట్టుకోలేదని తేలింది. 2012 నాటికి చిత్రం పూర్తయింది. 23, 45 ఒకదానికొకటి ముడిపడి, 106 స్వేచ్ఛగా ఉన్నప్పుడే మాక్రోఫేజ్‌లు సైటోకైన్లు విడుదల చేస్తాయి. మూడూ స్వేచ్ఛగా ఉంటే ప్రోటీన్ సైటోకైన్ల జోలికి పోదు, సీఎక్స్‌సీఎల్12తో జతకట్టి కణాలను దెబ్బతిన్న చోటికి పిలుస్తుంది. ఆక్సిజన్ మరీ ఎక్కువగా పట్టేస్తే రెండు పనులూ ఆగిపోతాయి.

శుద్ధి చేసేటప్పుడు చాలామంది బఫర్‌లో డీటీటీ కలుపుతారు, ముడులు విప్పే రసాయనం అది. ఒక ల్యాబ్ కలిపింది, ఒకటి కలపలేదు, ఇంకొకరు కలిపి తర్వాత గాలిలో వదిలేశారు. సీసా మీద మూడుచోట్లా ఒకే పేరు, ఒకే శుద్ధత శాతం, జెల్ మీద ఒకే గీత. లోపల మాత్రం మూడు వేర్వేరు పదార్థాలు. ఈ సంగతి తెలిశాక పాత పత్రాలను మళ్లీ చదివితే ఎవరూ అబద్ధం చెప్పలేదనిపిస్తుంది. ఒక్కొక్కరు తమ సీసాలో ఉన్నదాని గురించి నిజమే చెప్పారు.

మన దగ్గర ఈ చర్చకు ప్రత్యేకమైన చోటుంది. 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. దాన్ని తయారు చేసింది పికియా అనే ఈస్టుతో. ఈస్టుకు ఎండోటాక్సిన్ పొర ఉండదు. ఇప్పుడు హైదరాబాద్ శివార్లలోని బయోటెక్ కేంద్రం జీనోమ్ వ్యాలీ చుట్టూ ఇంజెక్షన్‌గా వెళ్లే ప్రతి బ్యాచ్ మందుకూ ఎండోటాక్సిన్ పరీక్ష చట్టం ప్రకారం తప్పనిసరి. అదే ఊళ్లో పరిశోధన కోసం కొనే సీసా మీద ‘పరిశోధనకు మాత్రమే’ అన్న ముద్ర ఉంటుంది, దానికి ఆ చట్టం వర్తించదు. కంపెనీ తనకు తాను పెట్టుకున్న గీతే కొలత. మందు తయారీలో మన కుర్రాళ్లు చూపే కట్టుదిట్టాన్ని పక్క వీధిలోని పరిశోధనా ల్యాబ్‌లోకి తేవడం కష్టమైన పని కాదు. ఎల్ఏఎల్ పరీక్ష తెలిసిన చేతులు ఈ నగరంలో ఉన్నన్ని దేశంలో చాలాచోట్ల లేవు.

సీసా ల్యాబ్ చేరాక జరిగేదీ ఫలితాన్ని మారుస్తుంది. పొడి రూపంలో ప్రోటీన్ కొన్నాళ్లు ప్రయాణం తట్టుకుంటుంది, నీళ్లలో కలిపాక ఆ ఓర్పు ఉండదు. మూత తీసేముందు సీసాను ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పాలి, లేకపోతే పొడి మూతకే అంటుకుని చెత్తబుట్టలోకి పోతుంది. మిల్లీలీటరుకు నానోగ్రాముల స్థాయికి పల్చన చేస్తే ప్రోటీన్ ప్లాస్టిక్ గోడకు అతుక్కుంటుంది. అందుకే 0.1 శాతం అల్బుమిన్ కలుపుతారు. ఆ అల్బుమిన్‌లోనూ ఎండోటాక్సిన్ ఉండొచ్చని గుర్తుంచుకునేవాళ్లు తక్కువ. ఖరీదైన సీసా కదా అని అదే గొట్టాన్ని పదిసార్లు కరిగించి గడ్డకట్టిస్తే టీఎన్‌ఎఫ్ మూడు ముక్కల కట్టు సడలుతుంది. మొదటి రోజే చిన్న భాగాలుగా పంచి పెట్టుకున్నవాళ్లకు ఆ చిక్కు లేదు.

ఇదంతా సరిచూసుకున్నా చివరి ప్రశ్న మిగులుతుంది. ఎలుకలో నిజమైనది మనిషిలో నిజమా? ఎండోటాక్సిన్ సంగతే చూస్తే, వాలంటీర్లకు కిలోకు రెండు, నాలుగు నానోగ్రాములు ఇస్తే జ్వరం, వణుకు వస్తాయి. ఎలుక కిలోకు మిల్లీగ్రాముల లెక్కలో తట్టుకుంటుంది. 2013లో ఒక పెద్ద బృందం కాలిన గాయాలు, దెబ్బలు, ఎండోటాక్సిన్ సందర్భాల్లో ఎలుక జన్యువుల స్పందన మనిషి స్పందనను పోలి లేదని ప్రకటించింది. అవే అంకెలను వేరే పద్ధతిలో విశ్లేషించిన జపాన్ శాస్త్రవేత్తలు పోలిక బాగానే ఉందన్నారు. ఈ వాదోపవాదం నాకు అసంపూర్ణంగానే కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ ప్రోటీన్‌కు, జబ్బుకు, ఎలుకకు మూడింటికీ విడివిడి లెక్కలున్నాయి. సెప్సిస్‌లో టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే మందులు 1990లలో రోగుల్లో విఫలమయ్యాయి. ఎటానర్‌సెప్ట్ పెద్ద మోతాదు పుచ్చుకున్న సెప్టిక్ షాక్ రోగుల్లో మరణాలు పెరిగాయి. అదే టీఎన్‌ఎఫ్‌ను కీళ్లవాతంలో అడ్డుకుంటే అద్భుతం జరిగింది. లండన్‌లో మార్క్ ఫెల్డ్‌మన్, రవీందర్ మైనీ బృందం 1992లో ఎలుక కీళ్లవాతంలో ఆ ఫలితం చూపింది. మనుషులకు ఉద్దేశించిన ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఎలుక టీఎన్‌ఎఫ్‌ను పట్టుకోదు. కాబట్టి ఎలుక టీఎన్‌ఎఫ్‌ను పట్టుకునే హామ్‌స్టర్ యాంటీబాడీ వాడారు. ఇంకో దారిలో గ్రీస్‌లో జార్జ్ కొలియాస్ బృందం ఎలుకకే మనిషి టీఎన్‌ఎఫ్ జన్యువు పెట్టింది, 1991లో ఆ ఎలుకలకు కీళ్లవాతం దానంతట అదే వచ్చింది. జాతి లెక్క సరిగా వేసుకున్న ఈ రెండు ప్రయోగాలే మందుకు దారి చూపాయి.

హెచ్‌ఎంజీబీ1 కథ ఇంకా నడుస్తోంది. మూడు సిస్టీన్ల స్థానంలో సెరీన్లు పెట్టి, ఆక్సిజన్ ఎంత తగిలినా మారని రూపం ఒకటి ఇటలీలోని మిలాన్‌లో బియాంకీ బృందం తయారు చేసింది. అది సైటోకైన్లను లేపదు, కణాలను పిలిచే పని మాత్రం అసలుదానికన్నా బాగా చేస్తుంది. 2018లో ఆ రూపాన్ని కండరం చితికిన ఎలుకలకు, కాలేయం దెబ్బతిన్న ఎలుకలకు ఇస్తే గాయం త్వరగా మానింది. ఒకప్పుడు సెప్సిస్‌లో హంతకుడని ముద్రపడిన ప్రోటీన్, మూడు అమైనో ఆమ్లాల తేడాతో ఇప్పుడు కణజాలం మరమ్మతు మందుగా పరీక్షకు నిలబడింది. ఇప్పుడు మిగిలిన పని, జబ్బుపడిన ఎలుక రక్తంలో ఏ రూపం ఏ గంటలో ఎంత ఉందో కొలవడం. మామూలు ఎలీసా కిట్లు ఆ రూపాల మధ్య తేడా చూపలేవు, మాస్ స్పెక్ట్రోమెట్రీ చూపగలదు.